అంటుకోని కట్టు

కలబంద మట్ట కోయగానే పచ్చి వాసన వేళ్లకు పడుతుంది. జగిత్యాలలో మా కాలేజీ ప్రయోగశాలలో ఆ గుజ్జును సముద్రపు నాచు నుంచి తీసిన జిగురుతో కలిపి పలుచని పొరలు పోస్తాను. కాలిన గాయాలకు వేసే కట్లవి. తేమ ఆరనివ్వవు, గాయానికి అంటుకోవు. ఇంకా పరీక్షల్లోనే ఉన్నాయి. పొర ఒలుస్తుంటే సిరిసిల్లలో నేను కనకత్త అనే మా పక్కింటి కనకవ్వ దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది.

నా చిన్నప్పుడు మగ్గాలు సగం ఆగిపోయిన ఏడాది అది. సైజింగ్ కార్ఖానాలో పడుగు నూలుకు గంజి పట్టించే మా బాపు కుడిచేతి మీద మరుగుతున్న గంజి ఒలికింది. వేళ్లు ముడుచుకుపోతే ఇక పని దొరకదు. అమ్మకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. అందుకని నూలు కండెలు చుట్టే కనకత్తే ఆస్పత్రి నర్సు దగ్గర చూసి కట్టు మార్చడం నేర్చుకుంది. కాచి చల్లార్చిన నీళ్లు చుక్కచుక్కగా పోస్తూ, కట్టు తనంతట తాను వదిలేదాకా కూర్చునేది.

"ఇంకెంతసేపు చెల్లె?" అనేవాడు బాపు.

"నీకేం తొందర అన్నా? మగ్గాలు నీకోసం ఏడుస్తున్నయా?"

ఒక మధ్యాహ్నం ఆమె రావడం ఆలస్యమైంది. బాపు మాత్ర వేసుకుని మగతగా ఉన్నాడు. గంజితో అంటుకున్న పోగుల్ని మావాళ్లు ఎండినాకే విడదీస్తారు. కట్టూ అంతే అనుకుని, పన్నెండేళ్ల నేను పొడిగానే అంచు పట్టి లాగాను. కొత్త చర్మం లేచొచ్చింది. బాపు మూలిగాడు. భయపడి కట్టు కప్పేశాను.

కనకత్త వచ్చి విప్పితే రక్తం. "చెయ్యి ఖరాబు చేస్తివి గదనే!" అని అమ్మ కళ్లు గట్టిగా మూసుకుని ఆమె మీద అరిచింది. కనకత్త నెత్తురంటిన నా గోళ్ల వైపు చూసింది.

"నాదే తప్పు వదినా" అంది.

మర్నాడు నల్లా దగ్గర నన్ను ఆపింది. "ఎండినంక గుంజుడు నూలుకు బిడ్డ. తోలుకు తడి కావాలె. నువ్వని చెప్పకు. చెప్తే మీ బాపు నీకు చెయ్యియ్యడు. ఐతారం మేం బొంబాయి పక్క భీవండికి మగ్గం పనికి పోతున్నం. ఇగ కట్టాల్సింది నువ్వే."

ఆదివారం దాకా ఆ నాలుగు రోజులూ బాపు మొహం తిప్పుకునే చెయ్యి చాపాడు, ఆమె నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. తర్వాత నేనే కట్టాను. బాపు వేళ్లు ముడుచుకుపోలేదు.

ఇన్నేళ్లూ డైరీలోనే ఉంచుకున్న ఈ మాట పోయిన నెల బాపుకు చెప్పాను. ఆయన కుడిచేతి వేళ్లు చాపి చూసుకున్నాడు.

"పోయేనాడు వాకిట్ల నిలబడి పిలిచింది. కోపంల నేను బయటికి రాలె" అన్నాడు. ఫోన్ తీసి, "ఆమె నంబరున్నదా?" అని అడిగాడు.

మా దగ్గర లేదు. వాళ్ల వాళ్లెవరూ ఇప్పుడు సిరిసిల్లలో లేరు. క్లాసులో పేరు పిలిస్తే జవాబివ్వడానికే జంకే నేను, జగిత్యాల బస్టాండులో కోరుట్ల మీదుగా వచ్చే ముంబై బస్సు ఆగితే దిగేవాళ్లకు ఎదురెళ్తున్నాను.

"భీవండిలో కండెలు చుట్టే కనకవ్వ ఎరుకేనా?"