మగ్గం గుంతలో పొట్లం

గద్వాలలో నా పక్క మగ్గం నేసిన అక్క, కాళ్లు పెట్టుకునే గుంతలోనే బూందీ పొట్లం దాచుకునేది. పట్టు అంచుకు నూనె మరక తగిలితే చీర పోయినట్టే. అందుకని గుప్పెడు నోట్లో వేసుకున్న ప్రతిసారీ లేచి, సబ్బుతో చేతులు కడుక్కొని వచ్చేది. కడిగి కడిగి వేళ్లు పగిలాయి. ఆ పగుళ్లకు పట్టుపోగులు చిక్కుకునేవి.

"ఇప్పుడే బువ్వ తింటివి గదక్క, మళ్ల ఆకలైతుందా?" అని ఒకరోజు అడిగాను.

"ఆకలి గాదు చెల్లె. నములుతున్నంతసేపు మనసుల ఏం మెదల్దు. నోరు ఆగిందంటే లోపలంత పరేషాన్ అయితది."

ఇంకేదో చెప్పబోతూ నా వైపు చూసింది. నా చీర ఇంకా సగం కూడా కాలేదు. నడుము పీకేస్తోంది. వినే ఓపిక లేక, పిల్లల కోసం కొన్న మిక్చరు పొట్లం ఆమె చేతిలో పెట్టి "తినక్కా" అన్నాను.

అది తిని, చేతులు కడుక్కోవడానికి లేచింది.

కొన్నాళ్లకు మగ్గం మానేసి అయిజలో అన్న ఇంటికి వెళ్లిపోయింది. అందరూ ఆమెను తిండిపోతని నవ్వినా నేను నవ్వలేదని చాలాకాలం గొప్పగా అనుకున్నాను. ఆ రోజు మిక్చరు పెట్టి ఆమె నోరు మూయించింది మాత్రం నేనే.