పళ్ళు కనపడకుండా నవ్వడం

మంగళగిరిలో మా ఆఫీసు పక్కన కొబ్బరితాళ్ళ దుకాణం వాసనకి పొదిలి హైస్కూలు గుర్తొస్తుంది. అక్కడ షమీమ్ టీచరుగారు ఆడపిల్లల స్కౌట్స్ లాంటి మా గైడ్స్ దళానికి కెప్టెన్. తాళ్ళతో ముడులు వేయడం, డేరా కట్టడం నేర్పేవారు.

ఒకరోజు విద్యాశాఖ అధికారి ఒకాయన కిళ్ళీ నములుతూ వచ్చాడు. "గైడ్స్ ప్రోగ్రాం మారిందమ్మా. ఆడపిల్లలకి డేరాలెందుకు? అతిథులకి పూలివ్వడం, పళ్ళు కనపడకుండా నవ్వడం నేర్పండి," అన్నాడు.

"అలాగేనండి," అన్నారు టీచరుగారు. ఇంత పిరికిదా అని నాకు అసహ్యమేసింది.

ఆ శనివారమే మమ్మల్ని మిరపచేల పక్కకి తీసుకెళ్ళి డేరా కట్టించారు.

"ఆయన వద్దన్నారుగా టీచర్?" అన్నాను.

"ఎవరే? ఆ పూలాయనా?" అంటూ పొయ్యి ఊదారు.

మాడిన అన్నం తింటూ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాం. ఆవిడ భయపడలేదని, వాదించడానికి కూడా అతను తగడనుకున్నారని నాకు ఉద్యోగంలో చేరి అలాంటి అధికారుల్ని చూశాకగానీ తెలియలేదు.