ఇరవై నిమిషాల పని

కోయిలకుంట్లలో విత్తనాల అంగడి పైన ఉన్న గదిలో శిరీన్ పని చేసేది. పనంటే కంప్యూటరు నల్లటి తెర మీద ఒక వరుస ఆదేశం టైపు చేసి, ఎంటర్ కొట్టి, తొమ్మిది రోజులు కాచుకోవడం. నా పని అంతకుముందే అయిపోయేది. భూములు కొలిచే కంపెనీ వాళ్ళు డ్రోన్ ఎగరేసే ముందు పొలాల మూలల్లో సున్నంతో గుర్తులు వేసేవాణ్ణి. పేరు నెహెమ్యా. పదకొండు ఊళ్ళ నల్లరేగడిలో నేను సున్నం సంచి మోసుకుని తిరిగాకే ఆ ఫోటోలు పుట్టాయి కాబట్టి, వాటి మీద నాకు కాస్త తండ్రి ప్రేమ ఉంది. రోజూ ఆ గదికి పోయి చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఫోటోలు నాలుగు లక్షలు. హార్డ్ డిస్కుల్లో వచ్చిన వాటన్నిటినీ శిరీన్ ఇంటర్నెట్ మీద కంపెనీ క్లౌడుకు చేర్చాలి. చేరాయని చెప్పగానే డిస్కులు తుడిచి మళ్ళీ డ్రోన్ వాళ్ళకిస్తారు. మౌసుతో లాగి వదిలితే అంత సరుకు సగంలో తెగిపోతుంది, అందుకే ఆ నల్ల తెర. లైను తెగినా మళ్ళీ అదే వరుస కొడితే, చేరినవి వదిలేసి మిగిలినవే పంపుతుంది. మా ఊరి కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి ఆమె ఆ వరుసను రోజుకు నాలుగైదుసార్లు కొట్టేది, విసుక్కోకుండా. నాకైతే చూస్తేనే విసుగు.

ఆమెకు ఈ ఉద్యోగం కావాలి. వాళ్ళమ్మ షంషాద్ బీకి చూపు దాదాపు పోయింది. ఆఫీసు ఇంటికి రెండు వీధుల దూరం, మధ్యాహ్నం పోయి అన్నం పెట్టి రావచ్చు. కాంట్రాక్టు మార్చితో అయిపోతుంది. ఎవరు త్వరగా ముగిస్తే వాళ్ళకు ఇంకో ఆరు నెలలు అని మేనేజరు హర్షవర్ధన్ గారు మాదీ కలిపి కంపెనీ అయిదు క్యాంపులకూ చెప్పారు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలంటారు గానీ, మా వైపు ఎండాకాలంలో నిలబడినా నీళ్ళు దొరకవు.

మూడో రోజు రాయచోటి క్యాంపు నుంచి కబురొచ్చింది. అక్కడి భూపేష్ తన క్యాంపు ఫోటోలు మొత్తం ఇరవై నిమిషాల్లో పంపేశాడట. సాయంత్రానికి అతనికి ప్రశంసాపత్రం, గ్రూపులో దాని ఫోటో, కింద యాభై చప్పట్లు. మర్నాడు సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట అన్ని క్యాంపులూ భూపేష్ కొట్టిన వరుసనే కొట్టాలి.

శిరీన్ ఆ వరుసను రెండుసార్లు చదివింది. చివర్లో ఒక చిన్న మాట ఉంది. పంపవద్దు, పంపితే ఎలా ఉంటుందో చూపించు చాలు అని దాని అర్థమట. తెలిసినవాళ్ళు ముందొకసారి సరిచూసుకోవడానికి దాన్ని పెట్టి, తర్వాత తీసేసి అసలు పని మొదలుపెడతారు. భూపేష్ తీసేయడం మరిచాడు. అరచేతిలో వైకుంఠం చూపించడానికి కూడా కంప్యూటర్లో ఒక మాట ఉందని నాకప్పుడే తెలిసింది.

ఆమె మేనేజరుకు ఫోన్ చేసింది.

"సార్, దాంతో ఒక్క ఫోటో కూడా చేరదు సార్. చేరినట్టు చూపిస్తాది, అంతే. డిస్కులు తుడవొద్దని చెప్పండి."

ఇరవై నిమిషాల పనిని తొమ్మిది రోజులు సాగదీసేవాళ్ళకు సాకులెప్పుడూ ఉంటాయని ఆయన అన్నారు. ప్రశంసాపత్రం మీద డైరెక్టరు సంతకం కూడా పడిందన్నారు. అదే అసలు కారణమని నా అనుమానం. భూపేష్‌కూ ఫోన్ చేసింది. డిస్కులు అప్పుడే తుడిచేశారని, ఈ సంగతి బయటపడితే తన ఉద్యోగం పోతుందని అతను బతిమాలాడు.

నాకు ఒళ్ళు మండింది. "నువ్వూ ఆ మాట తగిలించమ్మా. నీకూ ఒక కాయితం ఇస్తారు" అన్నాను.

"ఎండలో సున్నం పోసినావు గదన్నా. అదంతా యాడికి చేరల్ల?" అంది.

ఆమె పాత వరుసే కొట్టింది. అప్పటికింకా మొదలుపెట్టని మిగతా మూడు క్యాంపులూ సర్క్యులర్ పాటించి భోజనాల వేళకు ముందే ముగించి, డిస్కులు తుడిచేశాయి. మాకు ఆఖరి స్థానం, ఆమెకు మెమో. తొమ్మిదో రోజు చివరి ఫోటో చేరింది. అన్నీ సరిపోయాయా అని ఇంకోసారి చూసుకుని, అప్పుడు డిస్కులు తుడవమంది.

మార్చిలో హెడ్డాఫీసు వాళ్ళు క్లౌడు తెరిచి చూశారు. నాలుగు క్యాంపుల ఫోల్డర్లు ఖాళీ. కోయిలకుంట్లది ఒక్కటే నిండుగా ఉంది. శిరీన్ వాళ్ళింటికి మిఠాయి తీసుకుపోదామనుకున్నాను. తొందరపడ్డాను. నాలుగు రోజులకు ఆర్డరు వచ్చింది. నాలుగు క్యాంపుల్లో డ్రోన్ మళ్ళీ ఎగరాలి కాబట్టి అక్కడివాళ్ళకు ఆరు నెలల పొడిగింపు. కోయిలకుంట్లలో పని పూర్తయింది కాబట్టి క్యాంపు మూసివేత. రాయచోటికి వస్తే చూస్తామన్నారు. చూపులేని తల్లిని వదిలి ఆమె యాడికి పోతుంది?

నాకు మాత్రం పని దొరికింది. రాయచోటి పొలాల్లో మళ్ళీ సున్నం పోయాలి కదా. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా ఒప్పుకున్నాను.

ఆఖరి రోజు ఆమె సామాను సర్దుకుంటుంటే భూపేష్ ఫోన్ చేశాడు. ఆ పాత వరుస కావాలట. నేనైతే ఫోన్ పెట్టేసేవాణ్ణి. శిరీన్ కూర్చుని, నిదానంగా టైపు చేసి పంపింది.

"ఉన్నదున్నట్టు కొట్టప్పా. కరెంటు పోతే మళ్ళా అదే కొట్టు. శానా రోజులు పడుతుంది, భయపడాకు" అని అతనికి చెప్పింది. ఫోన్ పెట్టి నావైపు తిరిగింది.

"ఈసారి ఆడ కూడా నీ సున్నం చేరుతాదిలేన్నా" అంది.

నేను ఆమె ముఖం చూడలేక, సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాను.