అవ్వ కన్ను ఫొటో

నిన్న మా అమ్మాయి ఫోన్‌లో ఏదో బాగా దగ్గరగా తీసిన ఫొటో చూపించి, అదేమిటో చెప్పమంది. నేను చెప్పలేకపోయాను కానీ, మా చిన్నమామ గుర్తొచ్చాడు.

ఆయనకు ధర్మపురిలో ఫొటో స్టూడియో ఉండేది. ఆదివారాలు నల్లంపల్లిలో మా ఇంటికి వచ్చి, అలాంటి ఫొటోలే ఇచ్చి కనుక్కోమనేవాడు. కొబ్బరి పీచును చూసి నేను ఎలుగుబంటి అన్నాను.

ఒకసారి ఇచ్చిన ఫొటోలో నల్లటి వలయం మధ్య పాలలా తెల్లగా ఏదో ఉంది.

"బావిలో చందమామ," అన్నాను.

"కాదురా, మీ అవ్వ కన్ను," అని మామ నవ్వాడు. అంతలోనే ఫొటోను మళ్ళీ చూసి, అవ్వ వైపు తిరిగాడు. "అమ్మా, నీకు చూపు బాగుండాదా?"

అవ్వ రాగులు చెరుగుతూనే, "మసకగా ఉండాదిరా. మీకెందుకు కష్టమని చెప్పలేదు," అంది.

మామ ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయి ఆపరేషన్ చేయించాడు. కంట్లోంచి చందమామను తీసేస్తారని నేను ఒకటే ఏడ్చాను.

కట్టు విప్పాక అవ్వ నా గడ్డం పట్టుకుని చాలాసేపు చూసింది.

"నీ మూతి మింద మచ్చ ఉండాదని నాకు తెలియనే లేదు కదరా," అంది.

అన్నాళ్ళూ ఆమె నన్ను గొంతుతోనే గుర్తుపట్టేదని పెద్దయ్యాక గానీ నాకు అర్థం కాలేదు.