బొక్క లేని పౌచులు

వరంగల్ చౌరస్తా నుంచి పోచమ్మ మైదాన్ వైపు నడిచేవాళ్లకు, ఒక స్టీలు సామాన్ల దుకాణానికీ ఒక చాయ్ హోటల్‌కూ నడుమ అయిదడుగుల సందు కనిపిస్తుంది. దానికి షట్టర్ బిగించి, పైన బోర్డు పెట్టి, దాన్ని దుకాణం అంటున్నాడు గుండా ఓంప్రకాశ్. పద్దెనిమిదేళ్లుగా అందులో ఛార్జర్లు, కేబుళ్లు, ఫోన్లకు తొడిగే పౌచులు అమ్ముతున్నాడు. రెండు గోడలకూ వేలాడే సరుకు నడుమ లోపలికి పోవాలంటే మనిషి పక్కకు తిరగాలి. ఏడాదికేడాది పొట్ట పెరిగి ఆ తిరగడం కూడా కష్టమైంది కాబట్టి, పొద్దున లోపలికి పోయినవాడు మళ్లీ మధ్యాహ్నం అన్నానికే బయటికి వస్తాడు.

అతనికి వచ్చిన విద్య ఒక్కటే. ఫోను కింది అంచు మీద బొటనవేలు ఒకసారి రాస్తే చాలు, దానికి ఏ పిన్ను పడుతుందో చెప్పేస్తాడు. కళ్లతో చూడనక్కర్లేదు. నెక్కొండలో రైలెక్కి వచ్చిన రైతు సంచి అడుగు నుంచి ఫోను తీసి, ఏదో ఒక కేబుల్ చూపించి, "ఇది నడుస్తదా సేటూ?" అని అడుగుతాడు. నడిచేదైతే నడుస్తది అంటాడు, నడవనిదైతే నడ్వది అంటాడు. మూడో మాట లేదు. నడ్వది అన్నాక బతిమిలాడినా అమ్మడు. అందుకే మరిపెడ బస్సు దిగినవాళ్లు కూడా నాలుగు దుకాణాలు దాటుకుని ఇక్కడికే వచ్చేవాళ్లు. ఓంప్రకాశ్‌కు సొంత ఇల్లు లేదు, జాగా లేదు. ఆ మాటొక్కటే ఉంది.

పక్కనున్న చాయ్ హోటల్ బల్లల మీద సాయంత్రం అయిదింటికి ఒక సభ కూడేది. జెనోరా అనే కంపెనీ ఏటా ఒక ఫోను విడుదల చేస్తుంది. ఆ బల్లల మీద కూర్చున్నవాళ్ల ఆరు నెలల సంపాదన అంతా కలిపినా దాని ఖరీదుకు చాలదు. అది కూడా సంపాదన అంటూ ఉన్నవాళ్ల సంగతి. ఆ సభలో జెనోరా ఫోను ఉన్నవాడు ఒక్కడూ లేడు. కనుకనే దాని గురించి అంత ధైర్యంగా మాట్లాడేవాళ్లు.

శశాంక్‌కు ముప్పై ఏళ్లు. ఆరేళ్లుగా సర్కారు కొలువు నోటిఫికేషన్ కోసం చదువుతున్నాడు కాబట్టి, రానిదాని గురించి ఊహించడంలో మంచి సాధన ఉంది. నిఖిల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి, బండి మీద ఇంటింటికీ బిర్యానీ పొట్లాలు అందిస్తున్నాడు. అనూష జిరాక్స్ సెంటర్‌లో పని చేస్తూ, ఫోన్ల మీద తెలుగులో ఒక యూట్యూబ్ చానల్ నడుపుతోంది. దానికి నాలుగు వందల పన్నెండు మంది సభ్యులు. అందులో సగం మంది చుట్టాలు, మిగతా సగం మంది చుట్టాల మొహమాటం కొద్దీ చేరినవాళ్లు.

ఆ ఏడు తగువంతా ఛార్జింగ్ పిన్ను మీద. కంపెనీ తన పాత చప్పట పిన్నునే ఉంచుతుందా, అందరూ వాడే సీ పిన్నుకు మారుతుందా?

"గ్యారంటీ సీ పిన్నే," అన్నాడు నిఖిల్. "బయటి దేశాలల్ల అన్ని ఫోన్లకు ఒక్కటే పిన్ను ఉండాల్నని కానూన్ తెచ్చిండ్లు."

"కానూన్ తెస్తే అయిపాయెనా? హెల్మెట్‌కు కానూన్ లేదా? నువ్వు పెట్టుకుంటానవా?" అన్నాడు శశాంక్.

"రెండూ కాదు," అంది అనూష. "ఈసారి అసల్ పిన్నే ఉండదట. పళ్లెం లెక్క ఒకటిస్తరట. దాని మీద పండవెడ్తే ఛార్జింగ్ ఎక్కుతదట."

"పళ్లెంల పెట్టెటందుకు అది ఫోనా, ఇడ్లీనా?"

"నీకు తిండి తప్ప ఇంకోటి యాదికి రాదా శశాంకూ? ఓంప్రకాశ్ అన్నా, నువ్వన్న చెప్పు జర."

ఓంప్రకాశ్ తల కూడా ఎత్తలేదు. "ఫోను తెచ్చి నా చేతిల వెట్టుండ్రి, చెప్త."

రోజూ అదే జవాబు. ఆ మంగళవారం దాకా.

ఫోన్లకు పౌచులు చేసేవాళ్ల పద్ధతి విచిత్రంగా ఉంటుంది. ఫోను బయటికి రాకముందే దాని కొలతలు ఎక్కడి నుంచో సంపాదించి, పౌచులు చేసి బజారులోకి వదిలేస్తారు. కంపెనీ వెయ్యి తాళాలేసి దాచిన రహస్యం హైదరాబాదులో కోఠి గల్లీలో డజన్ల లెక్కన దొరుకుతుంది. అట్లా రాబోయే జెనోరా ఫోనుకు పౌచులు ఒక పెట్టెడు, సగం ధరకే, ఓంప్రకాశ్‌కు పార్శిల్‌లో వచ్చాయి. సభ నడుస్తుండగానే పెట్టె విప్పి ఒకటి బయటికి తీశాడు. కెమెరాలకు బొక్క ఉంది. బటన్లకు ఉంది. కింది వైపు మాత్రం గోడలా మూసుకుని ఉంది.

"అన్నా," అన్నాడు నిఖిల్, గొంతు తగ్గించి. "కింద బొక్కేది?"

ఓంప్రకాశ్ బొటనవేలు రాశాడు. నున్నగా తగిలింది. ఇంకోటి తీశాడు. పది తీశాడు. అన్నీ అంతే.

చాయ్ గ్లాసులు బల్లల మీదికి దిగాయి. రోడ్డున పోయేవాళ్లు ఆగారు. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారీ పలకరించని స్టీలు దుకాణం యజమాని కూడా వచ్చి మెడ చాచి చూశాడు. అనూష ఫోను పైకెత్తింది.

"అన్నా, కెమెరా దిక్కు జూస్కుంట చెప్పు. అంటే కొత్త ఫోనుకు పిన్ను ఉండదన్నట్టేనా?"

చేతిలో పెట్టండి, చెప్తా అనాల్సిన మనిషి. కాని తన సందు ముందు అంతమంది నిలబడటం అతను ఎన్నడూ చూడలేదు.

"ఉండది," అన్నాడు.

మూడు రోజుల్లో ఆ వీడియోను రెండు లక్షల మంది చూశారు. ఎవరో దానికి వరంగల్ లీక్ అని పేరు పెట్టారు. ఎక్కడెక్కడి మనుషులో తమిళంలో, హిందీలో ఓంప్రకాశ్ బొటనవేలును పొగిడారు. కాజీపేట నుంచి కాలేజీ పిల్లలు వచ్చి అతని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. అయిదడుగుల సందు కాబట్టి ఒక్కొక్కరే పక్కకు తిరిగి లోపలికి పోవాల్సి వచ్చేది. నలభై ఒక్క పౌచులు అమ్ముడుపోయాయి. ఫోను లేనివాళ్లకు, కొనే తాహతు లేనివాళ్లకు, ఇంకా పుట్టని ఫోను పౌచులు. కొన్నవాళ్లు వాటిని ప్రసాదంలా రెండు చేతులతో తీసుకున్నారు.

ఓంప్రకాశ్ ఇస్త్రీ చొక్కాలు వేయడం మొదలుపెట్టాడు. వచ్చే ఏడు ఫోన్లు ఎన్ని మడతలు పడతాయో చెప్పాడు. పెట్రోలు ధర ఎప్పుడు తగ్గుతుందో చెప్పాడు. శశాంక్ మెల్లగా దగ్గరికి జరిగి నోటిఫికేషన్ సంగతి అడిగితే, ఒక్క క్షణం కళ్లు మూసుకుని నవంబర్ అన్నాడు. శశాంక్ దాన్ని డైరీలో రాసుకున్నాడు. ఆ రోడ్డు వ్యాపారుల సంఘం అధ్యక్షుడు కిషన్ రావు స్వయంగా వచ్చి, మన బజారుకు పేరు తెచ్చినందుకు శాలువా కప్పుతామని చెప్పి పోయాడు.

ఇంకో పెట్టె తెప్పించుకుందామని తొమ్మిదో రోజు కోఠి హోల్‌సేల్ వ్యాపారికి ఫోన్ చేశాడు ఓంప్రకాశ్.

"ఆ మాల్ ఇంక లేదు భాయ్," అన్నాడు అవతలి మనిషి. "అవి కటింగ్ కాని పీసులు. కింద బొక్క కొట్టే మిషన్ ఖరాబైంది. అందుకే గదా సగం రేటుకిచ్చిన. మీరే కొట్టుకుంటరనుకున్న."

"ఆ ముచ్చట చెప్పలేదేంది మరి?"

"పెట్టె మూత మీద రాసిన చూడుండ్రి."

పెట్టె మూత ఎక్కడుందో ఓంప్రకాశ్‌కు తెలుసు. స్టూలు గట్టిగా ఉందని దాన్ని నాలుగు మడతలు పెట్టి కింద వేసుకున్నాడు. లేచి తీసి చూశాడు. కింద కట్ కాలేదు అని నల్ల సిరాతో, ఇంతింత హిందీ అక్షరాలతో రాసి ఉంది.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని భార్య పద్మకు చెప్పాడు. ఆమె చారు పోస్తున్న గరిటె ఆగింది.

"అంటే తొమ్మిది దినాల సంది నిజం మీదనే కూసున్నరన్నట్టు."

"నవ్వకు పద్మా. ఎల్లుండి శాలువా కప్పుతరట. అదొక్కటి అయిపోనియ్యి, చెప్త."

"కప్పించుకున్నంక చెప్తే అది నిజమెట్లయితది? మీరు నడ్వదంటే నోరు మూస్కొని వాపసు పోయినోళ్లున్నరు ఈ ఊర్ల. రేపు వాళ్ల ముంగట ఎట్ల కూసుంటరు?"

అతను సగం అన్నం మీదనే చెయ్యి కడుక్కుని, దుకాణంలోని పెట్టె మూత తీసుకుని, పద్మతో కలిసి జిరాక్స్ సెంటర్‌కు పోయాడు. అనూష చానల్‌కు అప్పటికి ముప్పై ఎనిమిది వేల మంది ఉన్నారు. జిరాక్స్ పని మానేద్దామా అని కూడా ఆలోచిస్తోంది. అతను చెప్పినదంతా విని, కాగితాల కట్ట అట్లాగే పట్టుకుని నిలబడింది.

"ఇంక ఆరు దినాలే గదన్నా లాంచుకు. జర ఆగరాదు? ఏమో, నిజంగనే పిన్ను లేకుంట రావొచ్చు."

"రావొచ్చు బిడ్డా. గని నేను తెల్సి చెప్పలే గద."

ఆమె చేతిలోని కట్టను మిషన్ మీద పెట్టింది. తర్వాత ఫోను తీసి, "కూసో. ఒక్క టేకుల చెప్పు. రెండోసారంటే నా మనసు మారుతది," అంది.

రెండో వీడియోలో ఓంప్రకాశ్ అంతా చెప్పాడు. పెట్టె మూత కూడా చూపించాడు. నాది తప్పు, కొత్త ఫోనుకు పిన్ను ఉంటదో ఉండదో నాకు తెల్వది అన్నాడు. కెమెరాకు అందకుండా ఎడమ పక్కన పద్మ నిలబడి ఉంది, ఒక్క ముక్క కూడా మింగకుండా చూసుకోవడానికి.

దాన్ని అయిదు లక్షల మంది చూశారు. ఒక్కరూ నమ్మలేదు. కంపెనీ వాళ్లు అన్న నోరు మూయించారని రాశారు. అన్న మాటిమాటికీ ఎడమ దిక్కు చూస్తున్నాడు, అక్కడెవరో నిలబడి బెదిరిస్తున్నారని ఒకతను బాణం గుర్తు వేసి మరీ చూపించాడు. ఆ ఒక్క సంగతి మాత్రం నిజమే, కాని ఆ నిలబడింది పద్మ. పెట్టె మూత మీది సిరా ఇంకా ఆరలేదని, నిన్ననే రాయించారని ఇంకొకతను నిరూపించాడు.

శాలువా నాడు ఓంప్రకాశ్ మైకు లాక్కుని మళ్లీ చెప్పాడు. "నేను తప్పు చెప్పిన. నాకు శాలువా వద్దు."

"చూసిండ్లా!" అన్నాడు కిషన్ రావు, కళ్లు తుడుచుకుంటూ. "ఎంత పేరొస్తే అంత తగ్గి మాట్లాడుతాండు. గిది మన బజారు మనిషంటే!" చప్పట్ల నడుమ శాలువా మెడ చుట్టూ పడింది. పెనుగులాడితే ఇంకా గట్టిగా చుట్టారు.

విడుదల రోజు పొద్దున పదకొండింటికి చాయ్ హోటల్ బల్ల మీద నిఖిల్ తన ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి పెట్టాడు. తెర మీద తెల్ల బూట్ల మనిషి ఒకడు కొత్త ఫోనును తిప్పి చూపించాడు. కింద సీ పిన్ను బొక్క ఉంది.

ఓంప్రకాశ్ తిట్ల కోసం సిద్ధంగా నిలబడ్డాడు. వాటి అవసరం కూడా ఉన్నట్టు అనిపించింది.

"అన్న చెప్పిండు గద!" అని ఎవరో అరిచారు. "రెండో వీడియోల!"

"రెండో దాంట్ల తెల్వదన్న గదరా," అన్నాడు ఓంప్రకాశ్.

"అట్లనే అంటవన్నా నువ్వు. తెల్సినోళ్లెవ్వరు ఖుల్లంఖుల్లా చెప్పరు."

"మరి మొదటి దాంట్ల ఉండదన్న గద?"

"అది కంపెనీని ఆగం జేసెటందుకు."

అందరూ తలలూపారు. వెనక నుంచి ఒకతను వచ్చే ఏడు ఫోను సంగతి అడిగాడు. ఇక ఓంప్రకాశ్ ఏం చెప్పినా నిజమే అయ్యేటట్టుంది. నడుస్తది అన్నా నడ్వది అన్నా ఒకటే అయిన మాటను ఏ కేబుల్ పక్కన పెట్టి అమ్మాలి?

ఆ మధ్యాహ్నమే దుకాణం మూసేసి, ఒక సన్న బ్లేడు, ఆకురాయి, ఒక సీ పిన్ను కేబుల్ జేబులో వేసుకుని బయల్దేరాడు. పౌచులు కొన్న నలభై ఒక్క మంది పేర్లు అనూష అప్పుడే తన చానల్ కోసం రాసి పెట్టుకుంది, ఆ కాగితం ఇచ్చింది. మూడు రోజులు తిరిగి ఒక్కొక్కటీ అడిగి తీసుకుని, కింద కోసి, అరగదీసి, పిన్ను పెట్టి చూసి తిరిగిచ్చాడు. పైసలు వాపసిస్తానంటే చాలామంది తీసుకోలేదు. కొందరు కోస్తుంటే వీడియో తీసుకున్నారు. ఇద్దరు బొక్క మీద సంతకం పెట్టమన్నారు.

మూడో రోజు శశాంక్ హన్మకొండ లైబ్రరీలో దొరికాడు. పౌచు అతని పుస్తకంలో పేజీ గుర్తుగా ఉంది.

"బయటికి రా. అది ఇటియ్యి," అన్నాడు ఓంప్రకాశ్.

"ఎందుకన్నా? ఆ ఫోను నేను కొంటనా? కొలువే లేకపాయె. బొక్క ఉంటేంది, లేకుంటేంది నాకు?"

"నువ్వు కొంటవా, కొనవా అది నాకెట్ల తెలుస్తది? నేను అమ్మింది తప్పు మాల్. ఇటియ్యి."

లైబ్రరీ మెట్ల మీద కూర్చుని, మోకాలి మీద పౌచు పెట్టుకుని, నాలుక బయటపెట్టి జాగ్రత్తగా కోశాడు. అంచులు రాసి, ఉఫ్ అని ఊదాడు. కేబుల్ తీసి పిన్ను లోపలికి నెట్టాడు. అది ఖాళీ పౌచులోకి తల పెట్టి, తగిలేదేమీ లేక అట్లాగే ఆగింది. బొటనవేలితో చుట్టూ తడిమి చూశాడు. సరిగ్గా ఉంది.

శశాంక్‌కు నవ్వు వచ్చింది. "లోపట ఫోనే లేదు గదన్నా."

"ఫోను సంగతి నన్ను అడుగకు. పౌచు నాది," అన్నాడు ఓంప్రకాశ్. కేబుల్ చుట్టి జేబులో వేసుకుని, కాగితం మీద అతని పేరు కొట్టేశాడు. కాజీపేటలో ఇంకా ఇద్దరున్నారు. మోకాళ్లు పట్టుకుని లేచి బస్సు కోసం రోడ్డు దాటాడు.