సైడ్ స్టాండ్ లేని మంచు బండి

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఒకటుందని ఒప్పుకోవడం నాకు చేతయ్యేది కాదు. వయసు ఇరవై నాలుగు, చేతిలో ఐర్లండులోని అత్లోన్‌లో పుచ్చుకున్న ఎమ్మెస్సీ పట్టా, నెత్తిన గడువు దగ్గరపడుతున్న వీసా. ఈ మూడూ ఒకచోట చేరిన మనిషి ఏమడిగినా "వచ్చు" అంటాడు. ఈత వచ్చా అంటే వచ్చు, ఫ్రెంచి వచ్చా అంటే కొద్దిగా వచ్చు. (రెండూ ఇప్పటికీ రావు.) అలా వచ్చు వచ్చు అంటూనే స్లైగోలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం సంపాదించాను. పరదేశాల దుకాణాల వెబ్‌సైట్లకు వస్తువుల గురించి వ్యాసాలు రాసిపెట్టడం మా పని. మొత్తం ఐదుగురం, ఐదుగురికీ కలిపి ఒక కెటిల్. ఆరు నెలల ప్రొబేషన్ దాటితే మా బాసు నా వర్క్ పర్మిట్ కాగితాల మీద సంతకం పెడతాడు, దాటకపోతే నేను రెంటచింతల బస్సెక్కాలి. మా రెంటచింతల గురించి తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, ఎండాకాలం వచ్చిందంటే వార్తల్లో ముందు మా ఊరి పేరే చదువుతారు. అలాంటి ఊరివాడికి మా బాసు మంచు బండ్ల పని అప్పజెప్పాడు.

తప్పు ఆయనది కాదు. నా రెజ్యూమేలో అభిరుచుల కింద "హిమాలయాల్లో బైక్ రైడింగ్" అని రాసుకున్నాను. జరిగిందేమిటంటే, స్నేహితుడి వెనక సీట్లో కూర్చుని మనాలి దాకా వెళ్ళాను, చేరిన రోజే కడుపు పాడై మూడు రోజులు లాడ్జి గదిలో పడుకుని తిరిగొచ్చాను. కిటికీలోంచి కొండ మీద తెల్లగా ఏదో కనబడిన మాట మాత్రం నిజం. "కొండల మీద బండి నడిపినవాడివి, ఇదీ అలాంటిదే కదా" అన్నాడు బాసు. "అలాంటిదే సార్" అన్నాను. (సార్ అనొద్దని ఆయన వారానికోసారి చెప్పేవాడు, నేను అలాగే సార్ అనేవాణ్ణి.)

కెనడాలో మంచు బండ్లు అమ్మే ఒక దుకాణానికి కావాలట ఆ వ్యాసం. ముందు చక్రాల బదులు రెండు పలకలు, వెనక యుద్ధ ట్యాంకుకి ఉన్నట్టు తిరిగే రబ్బరు పట్టా, మధ్యలో మోటార్ సైకిల్‌కి మల్లే సీటూ హ్యాండిలూ ఉంటాయి ఆ బండికి. కొండల మీద నడిపే వాటిలో టూ స్ట్రోక్ ఇంజన్ మంచిదా, ఫోర్ స్ట్రోక్ మంచిదా, ఏది మాట వింటుంది, ఏది ఎక్కువ కాలం మన్నుతుంది, ఇదంతా స్వయంగా నడిపినవాడి అనుభవంగా రాయాలి. వారం రోజులు ఇంటర్నెట్టులో అసలు రైడర్లు తిట్టుకున్నవన్నీ చదివాను. కానీ అరువు తెచ్చుకున్న మాటల్లో ప్రాణం ఉండదు కదా, అందుకని మా నాన్న పాత టూ స్ట్రోక్ స్కూటర్ మీద నేను పడిన కష్టాలన్నీ అందులో కలిపాను. ఇంజన్ ఉన్న వైపుకి బండి లాగుతుందని రాశాను. మైలేజీ గురించి రెండు పేరాలు రాశాను. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఇంజన్ వేడెక్కదని మెచ్చుకున్నాను. ఇంత ఖరీదైన బండికి సైడ్ స్టాండ్ ఇవ్వకపోవడం క్షమించరాని లోపమని చివర్లో కోప్పడ్డాను. బాసు చదివి "గ్రాండ్" అన్నాడు. (అక్కడ బాగుందనడానికి ఆ మాటే.) ఆయన కూడా జన్మలో మంచు బండి చూసినవాడు కాదు.

వ్యాసం వెలువడిన వారానికి కెనడా నుంచి మెయిలొచ్చింది. పాఠకులు చాలామంది ఆ రైడర్ ఎవరని అడుగుతున్నారట. (ఎందుకు అడుగుతున్నారో ఆలోచించే తెలివి ఉంటే ఈ కథే లేదు. నేను మురిసిపోయాను.) రెండు వారాల్లో ఆ రైడర్ బండి నడుపుతున్న వీడియో పంపాలి, లేకపోతే పని వేరేవాళ్ళకు వెళ్ళిపోతుంది. బాసు తలుపు వేసి మెల్లగా చెప్పాడు. "వీడియో వస్తే పని ఉంటుంది. పని ఉంటే నువ్వు ఉంటావు. నీకు బండి నడపడం వచ్చు కదా?"

వచ్చు అన్నాను.

ఐర్లండులో మంచు బండి ఎక్కడ దొరుకుతుందని మీరు అడగవచ్చు. నేనూ దొరకదనే ధీమాతో ఉన్నాను. బాసు మాత్రం ఎక్కడో ప్రకటన చూసి పట్టుకున్నాడు. డొనెగల్ కౌంటీలో లెటర్‌కెన్నీ ఊరు దాటాక కొండల్లో గొర్రెలు పెంచుకునే ఒక పెద్దాయన దగ్గర రెండు పాత మంచు బండ్లున్నాయి, ఒకటి టూ స్ట్రోక్, ఒకటి ఫోర్ స్ట్రోక్, రెండిట్లో ఒకటి అమ్మేస్తాడట. "మా దగ్గర నిపుణుడున్నాడు, ఏది ఉంచుకోవాలో చెబుతాడు, ఒకసారి నడపనివ్వండి" అని బాసు ఫోన్లో బేరం కుదిర్చేశాడు. ఇక మిగిలింది మంచు. పది రోజులు ఆకాశం కేసి చూశాను. పది రోజులూ వానే పడింది.

నేను అద్దెకుండేది ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఒక అక్క ఇంట్లో. ఆసుపత్రిలో నర్సు. అందరూ సిస్టరక్క అనేవారు. ఆదివారం ఆవిడ ప్రార్థనకి కూర్చున్నప్పుడు మంచు కోసం ఒక మాట అడగమన్నాను.

"మంచు పడితే ముసలోళ్ళు జారిపడి తుంటెలు ఇరగ్గొట్టుకుంటారు. వాళ్ళని ఎత్తి పండబెట్టేది ఎవురు, నువ్వా నేనా?" అంది అక్క. "నీ ఉద్యోగం కోసమైతే ప్రేయర్ చేస్తా. మంచు కోసం మాత్రం అడగను."

"ఉద్యోగానికి మంచే కావాలక్కా."

"అయితే ఆయన చూసుకుంటాళ్ళే, నువ్వు సలహాలు ఇయ్యబాక."

గడువుకి ముందు శనివారం అక్కే కారులో తీసుకెళ్ళింది, నా దగ్గర లర్నర్ పర్మిట్ తప్ప లైసెన్సు లేదు. కొండ చేరేసరికి కనుచూపు మేర పచ్చటి గడ్డి, తడిసి నిగనిగలాడుతోంది. పెద్దాయనకు డెబ్బై ఉంటాయి, తుంటి నొప్పితో కాస్త వంగి నడుస్తున్నాడు. షెడ్డు తలుపు తీస్తే రెండు బండ్లూ పక్కపక్కనే ఉన్నాయి, ఫోర్ స్ట్రోక్ సీటు మీద కోళ్ళు పడుకున్నాయి. "దాన్ని కదపాలంటే వాటిని అడగాలి, ఇది ఎక్కు" అని టూ స్ట్రోక్ చూపించాడు. ఆయన జేబులోంచి బాసు పంపిన నా వ్యాసం ప్రింటు తొంగి చూస్తోంది.

ఎక్కి కూర్చుని కుడికాలితో కిక్ రాడ్ కోసం వెతికాను. లేదు. ఎడమకాలితో వెతికాను. పెద్దాయన వంగి, పక్కనున్న తాడు పట్టుకుని గట్టిగా లాగాడు, ఇంజన్ అందుకుంది. బండి తడి గడ్డి మీదికి జారింది. నేను నడిపానని అనలేను, అది వెళ్ళింది, నేను దాంతో ఉన్నాను. అంతలో కొండ నాలుగు వైపుల నుంచీ గొర్రెలు పరుగున వచ్చాయి. ఆయన రోజూ మోటారు బండి మీదే వాటికి దాణా తెస్తాడట, ఇంజన్ చప్పుడు వింటే మేతని లెక్క. ముందు నేను, వెనక నలభై గొర్రెలు, పక్కన ఫోన్ పట్టుకుని బురదలో పరిగెత్తుతూ అక్క. "అటు చూడబాకరా, నా వంక చూసి నవ్వు" అని అరుస్తోంది.

వంద గజాలు వెళ్ళామో లేదో కాలిన వాసన వచ్చింది, ఎర్ర లైటు వెలిగింది. బండి ఆపాను. గొర్రెలూ ఆగాయి. పెద్దాయన నింపాదిగా వచ్చి అడిగాడు. "ఇంజన్ వేడెక్కింది. నీ అనుభవం ప్రకారం ఇప్పుడేం చెయ్యాలి?"

ఈ ఒక్కటీ నాకు నిజంగా తెలుసు. మా వైపు మే నెలలో రోడ్డు పక్కన లారీలు చేసేదే. దాణా గోతం ఒకటి అడిగి పుచ్చుకుని, గొర్రెల నీళ్ళ తొట్టిలో ముంచి తెచ్చి, బండి మూతి మీద కప్పాను. బుస్సుమని ఆవిరి లేచింది. పెద్దాయన మొహంలో మొదటిసారి గౌరవం లాంటిది కనబడింది. "ఎండ దేశపు వైద్యం" అన్నాడు. తర్వాత చెప్పాడు, పరిగెత్తేటప్పుడు ఆ రబ్బరు పట్టా ఎగజిమ్మే మంచే సీటు కింద తగిలి ఇంజన్‌ని చల్లబరుస్తుందట. మంచు లేనిచోట ఆ పని బకెట్టు చెయ్యాలి. అలా మిగతా షూటింగంతా పెద్దాయన కుంటుతూ వెనక నడిచి సీటు కింద నీళ్ళు పోస్తుంటే, నేను నడక వేగంతో వీరుడిలా సాగాను.

వడగళ్ళు మొదలయ్యాక ముగ్గురం వంటింట్లోకి చేరి టీ తాగాం. ఆయన తుంటి నిమురుకుంటూ నా వ్యాసం బల్ల మీద పరిచాడు. "ఒక మనిషికి ఒక బండే ఎక్కువ, రెండు మరీ ఎక్కువ. ఏది ఉంచుకోమంటావు? ఈ సాయంత్రమే రెండోది అమ్మకానికి పెడతాను. నువ్వు ఏదంటే అదే."

కెనడాలో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళకి అబద్ధం రాయడం వేరు, టీ పోసిన ముసలాయనకి ఎదురుగా చెప్పడం వేరు. అక్క నా వైపే చూస్తోంది. "నాకు తెలియదు" అన్నాను. ఈ దేశం వచ్చాక ఆ మాట అనడం అదే మొదలు. "ఇందాక మీ గడ్డి మీద తప్ప నేను ఈ బండి ఎప్పుడూ ఎక్కలేదు. మంచు కూడా దూరం నుంచే చూశాను."

"తెలుసు" అన్నాడాయన.

"ఎప్పటినుంచి?"

ఆయన వేలితో వ్యాసంలో ఒక వాక్యం చూపించాడు. సైడ్ స్టాండ్. "పలకల మీద నిలబడే బండికి స్టాండ్ దేనికి? నేను కెనడా కొండల్లో పదకొండు చలికాలాలు వీటి మీద సామాన్లు మోశాను. మనుషులు పడిపోవడం చూశాను కానీ, ఆపి ఉంచిన బండి పక్కకి ఒరిగిపోవడం చూడలేదు."

"మరి నన్నెందుకు రానిచ్చారు?"

"వారమంతా గొర్రెలతో మాట్లాడతాను. ఇంజన్ల గురించి మాట్లాడే మనిషి వస్తానంటే వద్దంటానా?"

అక్క కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నా ఫోను వానకి తడిసి మొరాయించడంతో పెద్దాయన ఇచ్చిన కాగితాల మీద చేత్తో రాసుకున్నాను, ఆయన చెప్పుకుపోయాడు. టూ స్ట్రోక్ తేలిక, బొటనవేలితో మీట నొక్కిన మరుక్షణం దూకుతుంది, లోతు మంచులో తేలుతుంది, కానీ ఆయిలు తాగుతుంది, పిస్టన్లు త్వరగా మార్చాలి. ఫోర్ స్ట్రోక్ ఏళ్ళ తరబడి నోరెత్తకుండా పనిచేస్తుంది, కానీ మూతి బరువు. "కొండ మీద ఒంటరిగా కూరుకుపోయినప్పుడు బండిని పైకెత్తేది ఇంజన్ కాదు, నీ నడుము" అన్నాడు. వంపులో బండిని తిప్పేది హ్యాండిల్ కాదు, ఒళ్ళు. అన్నిటికంటే ముందు తెగేది పట్టాని తిప్పే బెల్టు, ఇంకో బెల్టు జేబులో లేకుండా కొండెక్కేవాడు మూర్ఖుడు. నాలుగు పేజీలయ్యాయి. చివర్న నా అంతట నేనే ఒక వాక్యం చేర్చి సంతకం పెట్టాను: ఇందులో ఒక్క ముక్కా నా అనుభవం కాదు, నేను నడిపింది గడ్డి మీద, గొర్రెల ముందు. ఆ కాగితాలు తనకి ఉంచమని ఆయన అడిగితే, అక్క ఫోనుతో ఫొటోలు తీసుకుని ఇచ్చేశాను.

సోమవారం బాసు ముందు నిలబడి అంతా చెప్పేశాను. పెట్టె సర్దుకోవాలనే నిశ్చయంతోనే వెళ్ళాను. ఆ నాలుగు పేజీలతో నేను రాసిచ్చిన కొత్త వ్యాసం ఆయన చివరిదాకా చదివాడు, వీడియో చూశాడు, కిటికీలోంచి కాసేపు వానని చూశాడు. "గ్రాండ్" అన్నాడు. తర్వాత వీడియోలో రంగులు తీసేసి వెలుతురు పెంచాడు. కొండంతా తెల్లబడింది. గొర్రెలు మంచు దిబ్బల్లా కలిసిపోయాయి. కెనడా వాళ్ళు మీ దగ్గర మంచు చాలా బాగుందే అని మెచ్చుకుంటూ ఇంకో పన్నెండు వ్యాసాలు అడిగారు. ఆ వారమే నా పర్మిట్ కాగితాల మీద సంతకం పడింది. వ్యాసం వెలువడింది, కింద నా పేరు, పేరు పక్కన "పర్వత రైడర్" అని కూడా ఉంది. నేను చేర్చిన ఆఖరి వాక్యం మాత్రం లేదు. బాసు కొట్టేశాడు. నేను ఎందుకని అడగలేదు.

నెల తర్వాత పెద్దాయన ఫోన్ చేశాడు. బరువు బండి అమ్మేశానన్నాడు, కోళ్ళు అలిగాయన్నాడు. ఆపైన, "చివరి లైను పడలేదేం?" అన్నాడు. బాసు తీసేశాడని నీళ్ళు నమిలాను. "పోనీలే, నా దగ్గర ఉందిగా" అన్నాడు. ఆ పేజీని షెడ్డు గోడకి మేకు కొట్టి తగిలించాడట.

ఆ ఉద్యోగంలో తర్వాత చాలా ఏళ్ళు ఉన్నాను. గడ్డి కోసే యంత్రాలూ పడవలూ వినికిడి మిషన్లూ, వాడనివి ఎన్నో వాడినట్టు రాశాను. నా పేరుతో వెలువడినవన్నీ కలిపితే పుస్తకాలు అవుతాయి. అన్నింటిలోనూ నేను సంతకం పెట్టిన నిజం ఒకే ఒక్క వాక్యం, అది డొనెగల్ కొండల్లో ఒక షెడ్డులో కోళ్ళకి ఎదురుగా ఉంది. తలుచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది. అంత చక్కటి వాక్యం మళ్ళీ రాయలేకపోయాను.