పేరున్న నీళ్ల డ్రమ్ము

మా ఊరి గ్రంథాలయంలో పుస్తకాలు పోతే ఎవరూ పట్టించుకోరు. నీళ్ల డ్రమ్ము పోయినప్పుడు మాత్రం ఊరు ఊరంతా కదిలింది.

వనపర్తి నుంచి బిజినేపల్లికి పోయే దారిలో ఉంటుంది మా ఊరు. గ్రంథాలయం పక్కనే ఫంక్షన్ హాలు. రెండింటికీ నడుమ ఒక గోడ ఉంది. మనిషి దూరేంత సందు ఉన్నదాన్ని గోడ అనడం ఒట్టి మర్యాదే. అటు పెళ్లి బ్యాండు వాయిస్తుంటే, ఇటు గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు చెవుల్లో దూది పెట్టుకుని ప్రాథమిక హక్కులు బట్టీ పడుతుంటారు. నేను చాలా ఏళ్లు ఒక పేపరుకు వార్తలు రాశాను. మండల విలేకరికి పదవీ విరమణ సన్మానాలు ఉండవు. ఒక రోజు గుర్తింపు కార్డు వెనక్కి ఇమ్మంటారు, అంతే. అప్పటి నుంచి ఆ పేపరునే ఊరికే చదువుకోవడానికి రోజూ గ్రంథాలయానికి పోయేవాణ్ని.

గ్రంథపాలకురాలిని అందరూ మేడం అనేవాళ్లు. నేను అక్కా అన్నట్టు ఆపా అనేవాణ్ని, ఆమె నన్ను పేపర్ భాయ్ అనేది. ఉద్యోగం చివరికొచ్చిన మనిషి. అట్టలూడిన డిటెక్టివ్ నవలలన్నీ ఆమె టేబులు సొరుగులోనే ఉండేవి, ఎందుకంటే వాటిని చదివేది ఆమె ఒక్కతే. అదీ చివరి పేజీ నుంచి. హంతకుడెవరో ముందే తెలిస్తే మజా ఏముందని ఒకసారి అడిగాను.

"అప్పుడే మజా భాయ్. వాడు మొదటి నుంచి ఎట్ల నాటకమాడుతుండో నిమ్మళంగ చూడొచ్చు" అంది.

ఆ డిటెక్టివుల మీద ఆమెకు పెద్ద గౌరవం కూడా లేదు. ఇంట్లో వంట చేసే పని ఉంటే వాళ్లలో ఒక్కడు కూడా ఒక్క కేసూ తేల్చలేడని ఆమె నమ్మకం. ఆమె సొంత పద్ధతి వేరు. తీసుకుపోయిన పుస్తకం తిరిగివ్వని వాళ్ల ఇంటికి సాయంత్రం పూట వెళ్లేది. పుస్తకం మాట ఎత్తేది కాదు. గడపలో కూర్చుని, "జర నీళ్లియ్యమ్మా" అనేది. వాళ్లు లోపలికి పోయి గ్లాసు కడిగి నీళ్లు తెచ్చేలోగా గదంతా ఒకసారి చూసేది. పుస్తకం టీవీ మీదో, బియ్యం డబ్బా మీద మూతగానో కనబడేది. నీళ్లు తాగి, "అరె, ఇది మనదే కదా" అని ఆశ్చర్యపోయేది. అడిగితే జనం అబద్ధమాడతారు, నీళ్లడిగితే ఆడరు అనేది.

ఇక డ్రమ్ము సంగతి. మా వైపు రాజకీయ నాయకుడు తన తండ్రి జ్ఞాపకార్థం దాన్ని గ్రంథాలయానికి ఇచ్చాడు. కుళాయి ఉన్న పెద్ద స్టీలు డ్రమ్ము. మన వైపు పెళ్లి సామాను మీద కొట్టించినట్టే దాని మీదా పేర్లు కొట్టించారు. ముందు కీర్తిశేషులైన తండ్రి పేరు, దాని కింద అంతకంటే పెద్ద అక్షరాల్లో కుమారుడి పేరు. వరండాలో ఇనుప స్టాండు మీద పెట్టారు. గ్లాసును గొలుసుతో కిటికీకి కట్టారు. డ్రమ్మును దేనికీ కట్టలేదు.

శుక్రవారం గ్రంథాలయానికి సెలవు. శనివారం పొద్దున తాళం తీయడానికి వచ్చిన అటెండరమ్మకు స్టాండు కనబడింది, గ్లాసు కనబడింది, నడుమ ఉండాల్సింది కనబడలేదు.

అటెండరమ్మ భర్త పుణెలో భవనాల పని చేస్తాడు. క్రిస్మస్‌కు వచ్చి కొత్త సంవత్సరానికి పోతాడు. ఊడ్చేది, పేపర్లు సర్దేది, డ్రమ్ము నింపేది ఆమే. ఏజెన్సీ ఉద్యోగం. పెద్దవాళ్లలో ఎవరైనా ఫోను చేస్తే ఉంటుంది, ఇంకెవరైనా చేస్తే పోతుంది.

కబురు తెలిసి నాయకుడి అనుచరుడు బండి మీద వచ్చాడు. యువజన విభాగానికి అధ్యక్షుడు. యువకుడిగా ఉండటం మానేసి చాలా కాలమైనా పదవి మాత్రం అలాగే ఉంది.

"బుధవారం అన్న వస్తుండు. పిల్లలకు గైడ్లు పంచుతడు. నాయన డ్రమ్ముల నీళ్లు తాగుకుంట ఫొటో దిగుతడు. అప్పటికి డ్రమ్ము ఉండాలె. లేకుంటే ఈమె ఉండదు" అన్నాడు అటెండరమ్మ వైపు వేలు చూపి.

"నేను తీస్కపోతినా?" అంది అటెండరమ్మ.

"తాళం చెవి నీ కాడనే గద."

"డ్రమ్ము బయటుండె. తాళం లోపలికుండె. అంత పెద్ద డ్రమ్మును నేను యాడ పెట్టుకుంట సారూ? మా ఇల్లే దాంట్ల పడ్తది."

చదువుకునే పిల్లలు దూది తీసి మరీ నవ్వారు. అనుచరుడికి నవ్వు నచ్చలేదు. బుధవారం అని మళ్లీ గుర్తుచేసి పోయాడు. అటెండరమ్మ చీపురు పట్టుకుని ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది. కాసేపటికి ఆమె ఊడ్చడం లేదని, కళ్లు తుడుచుకుంటోందని మాకు తెలిసింది.

మేడం వరండాలోకి వచ్చి స్టాండు చుట్టూ తిరిగింది. కళ్లద్దాలు నెత్తి మీద నుంచి ముక్కు మీదికి దింపింది. అంటే పని మొదలైందన్నమాట.

"బేస్తారం పొద్దుమీకి డ్రమ్ము నింపినవా?" అని గురువారం సాయంత్రం సంగతి అడిగింది.

"నిండుగ నింపిన మేడం."

"శుక్రవారం ఎవరూ తాగలే. నీళ్లు పారబోస్తే ఈ మట్టి మీద మరక ఉండాలె. లేదు. అంటే నిండు డ్రమ్మునే ఎత్తుకపోయిన్రు." నా వైపు తిరిగింది. "భాయ్, దొంగ నిండు డ్రమ్ము ఎందుకు మోస్తడు? ఒంపేసి తీస్కపోతడు. ఈ ఇనుప స్టాండు తూకానికేస్తే పైసలొస్తయి, దీన్ని ముట్టలే. ఈళ్లకు కావలసింది డ్రమ్ము గాదు, నీళ్లు."

"శుక్రవారం అంత దాహం ఎవరికేసింది?" అన్నాను.

ఆమె గోడలో సందు వైపు చూసింది. సందు దగ్గర నేల మీద పసుపు అక్షింతలు పడి ఉన్నాయి.

ఎదురుగా టీ కొట్టు ఉంది. అక్కడికి పోయాం. మేడం బెంచీ మీద కూర్చుని, టీ వద్దు, నీళ్లియ్యి అంది. కొట్టాయన నీళ్లిచ్చాడు.

"శుక్రవారం పెండ్లి మంచిగ జరిగిందా?"

"ఏం మంచి మేడం. నీళ్ల క్యాన్ల ఆటో రాలే. బగారన్నం, మటన్ తిన్నోళ్లంత గొంతు పట్టుకున్నరు. నలుగురు పోరగాండ్లు ఉరికొచ్చి మీ డ్రమ్ము మోస్కపోయిన్రు. లేకుంటే పెద్దమందడి నుంచి వచ్చిన చుట్టాలు ఆడనే లొల్లి చేస్తుండె."

"మరి పొద్దటి సంది దొంగతనమని ఇంత గొడవ అయితుంటే చెప్పవేంది?"

"నన్ను దొంగను చూసినవా అని అడిగిన్రు. నేను దొంగను చూడలే" అన్నాడాయన. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. గవర్నమెంటు బిల్డింగులో ఉన్న వస్తువు పెళ్లికి పనికొస్తే తీసుకుపోవడాన్ని మా ఊళ్లో దొంగతనం అనరు. ఎన్నికల పెట్టెలు పెట్టే బల్ల మీద వంకాయలు తరగడం నేనే చూశాను.

పెళ్లికి వంట సామాను ఇచ్చింది బస్టాండు దగ్గరి టెంట్ హౌస్. దాని యజమాని గోదాము ముందు గంజులు, బగోనలు కుప్పలుగా పోసి కూర్చున్నాడు. మేడం అక్కడా నీళ్లు తాగింది. ఆ పూట ఆమె తాగిన నీళ్లకు డ్రమ్ము సగం ఖాళీ అయ్యేది.

"పెండ్లి సామాను ఎట్ల సర్దుతవు? గన్ని ఇండ్లవి కలిసిపోతయి కదా" అంది.

"అదేం కష్టం మేడం. నా సామాను సాలకుంటే నలుగురిండ్ల నుంచి తెస్తం. పెండ్లి అయినంక అన్నీ నడుమ పెడ్తం. పేరున్నది పేరున్నోళ్లింటికి, పేరు లేనిది నా గోదాముకు. ఇన్నేండ్లల్ల ఒక్క గంటె తారుమారు కాలే."

"మా డ్రమ్ము?"

"మీ పేరున్న డ్రమ్ము నేను చూడలే. ఉంటే మీకే పంపేటోణ్ని గద."

మేడం కాసేపు గంజుల మీద కొట్టించిన పేర్లనే చూస్తూ కూర్చుంది. తర్వాత నెమ్మదిగా నవ్వడం మొదలుపెట్టింది. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"పా భాయ్. ఇంకోచోట నీళ్లు తాగేదుంది."

ఆటో నాయకుడి ఇంటి ముందు ఆగాక గానీ నాకు అర్థం కాలేదు. ఆ డ్రమ్ము మీద ఇచ్చినవాళ్ల పేర్లు రెండున్నాయి. పుచ్చుకున్నవాళ్ల పేరు ఎక్కడా లేదు. టెంట్ హౌస్ యజమాని తన పని తాను నిజాయితీగా చేశాడు.

నాయకుడు గద్వాల వైపు ఎవరిదో గృహప్రవేశానికి వెళ్లాడు. ఆయన తల్లి హాల్లో కింద కూర్చుని పల్లికాయలు ఒలుస్తోంది.

"జర నీళ్లిప్పియ్యి అవ్వా" అంది మేడం, గడప దగ్గర కూర్చుంటూ.

"గడపల కూసుంటవేంది, లోపలికి రా బిడ్డా. నువ్వు లైబ్రరీ మేడానివి గద" అంది అవ్వ. ఎవరినీ పిలవలేదు. తనే లేచి గోడ పక్కకు పోయింది. అక్కడ పీట మీద డ్రమ్ము ఉంది. కుంకుమ బొట్టు, బంతిపూల దండ. అవ్వ కుళాయి తిప్పి గ్లాసు నింపి తెచ్చింది.

మేడం నీళ్లు తాగింది. ఈసారి మాత్రం "అరె, ఇది మనదే కదా" అనలేదు.

"నిన్న రాత్రి ఆటోల వచ్చింది" అంది అవ్వ. "ఆయన పేరుందని కోడలు చెప్పింది. నాకు సదువు రాదు. ఆయన పేరు నేను నోటితోని పలకొద్దు. జర నువ్వు సదువు, నేను వింట."

మేడం చదివింది. అవ్వ కళ్లు మూసుకుని వింది.

"ఇంకోసారి."

మళ్లీ చదివింది. ఇంత మెల్లగా ఆమె చదవడం నేనెప్పుడూ వినలేదు. ఆ కింద పెద్ద అక్షరాల్లో ఉన్న కొడుకు పేరును మాత్రం రెండుసార్లూ వదిలేసింది.

"అవ్వా, మా అటెండరమ్మ పరేషాన్ల ఉన్నది" అంది తర్వాత. "డ్రమ్ము దొంగ అంటుండ్రు. బుధవారం లోపల దొరకకుంటే పనిల నుంచి తీసేస్తరంట."

"గట్లెవరన్నరు?"

"మీవోళ్లే."

"ఏం డ్రమ్ము?"

మేడం లేచి గోడ దగ్గరికి పోయింది. ఖాళీ గ్లాసును డ్రమ్ము పక్కన పెట్టింది. అవ్వ గ్లాసును చూసింది, డ్రమ్మును చూసింది, మమ్మల్ని చూసింది.

"అయితే నేను దొంగనా?"

"కాదవ్వా. పెండ్లిల పేరు చూసి ఇంటికి పంపిన్రు. తప్పు ఎవరిదీ లేదు."

అవ్వ పల్లికాయల చాట ముందుకు లాక్కుంది. ఒక కాయ ఒలిచి గింజలు నోట్లో వేసుకుంది. ఆమె వద్దంటే మేం చేయగలిగేది ఏమీ లేదు. నాయకుడి ఇంట్లో దొంగ డ్రమ్ము అని వార్త రాయడానికి నాకు పేపరు లేదు, ఉన్నా వేయరు.

"బతికున్నప్పుడు ఒక్కనాడు ఇంటిపట్టున ఉండలే" అంది చివరికి. "సచ్చినంక ఇంటికొస్తే నాలుగు దినాలన్న ఉంటడనుకున్న. ఊరి మీదకే పోతడంట, పోనియ్యి." ఇంకో కాయ ఒలిచి, "బుధవారం నేనే తెస్త. ఎవరికీ చెప్పకు" అంది.

బుధవారం నాయకుడు కార్ల వరుసతో దిగేసరికి వరండాలో స్టాండు మీద డ్రమ్ము, దాని పక్కన కుర్చీలో వాళ్లమ్మ ఉన్నారు. డ్రమ్మును ట్రాలీలో ఎక్కించి, దింపి, స్టాండు మీద పెట్టింది అనుచరుడే. ఎందుకు మోస్తున్నాడో అతనికి అవ్వ దారిలో చెప్పినట్టుంది. మొహం చూస్తే తెలుస్తోంది.

"నువ్వేందమ్మా ఈడ?" అన్నాడు నాయకుడు.

"మీ నాయన కాడ కూసున్న. నీకేమన్న అడ్డమా?" అని, అనుచరుణ్ని దగ్గరికి పిలిచింది. "ఈ పిల్లను దొంగ అన్నది నువ్వే గద. ఆమె చేతి నీళ్లు తాగు ముందు. తర్వాత మీ అన్న నీకేమన్న చెప్పేదుంటే చెప్తడు."

అటెండరమ్మ గ్లాసు నింపి ఇచ్చింది. గొలుసు పొట్టిది కావడంతో అతను బాగా వంగి తాగాల్సి వచ్చింది. గుటక గుటకకూ గొలుసు చప్పుడు చేసింది. చదువుకునే పిల్లలు ఈసారి నవ్వలేదు. ఫోన్లలో వీడియో తీసుకున్నారు.

మర్నాడు పేపర్లో నాయకుడు గైడ్లు పంచుతున్న ఫొటో వచ్చింది. మూలన డ్రమ్ము సగం, అటెండరమ్మ మోచేయి వచ్చాయి. ఉద్యోగం ఉన్నదనడానికి మోచేయి చాలు.

ఆ వారమే మేడం పేర్లు కొట్టేటాయనను పిలిపించింది. డ్రమ్ము మీద మిగిలిన జాగాలో గ్రంథాలయం పేరు కొట్టమంది. పెండ్లిళ్లకు ఇవ్వబడదని కూడా కొట్టాలా అని అతను అడిగాడు. వద్దంది. ఎట్లాగూ తీసుకుపోతారు, తిరిగొస్తే చాలు అంది. అతను గ్రంథాలయం పేరు పూర్తి చేసి సుత్తి కింద పెట్టబోతుంటే, అటెండరమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చి నిలబడింది.

"కింద ఇంకా జర జాగున్నది. నా పేరు గూడ కొట్టు" అంది. "ఈసారి పోతే మా ఇంటికొస్తది. దొంగ అన్నందుకు నాలుగు దినాలన్న దీని నీళ్లు తాగుత."